సిరంజీలు, ఐవీ సెట్లు బయోడీగ్రేడబుల్ ప్లాస్టిక్‌తో చేస్తే ఆసుపత్రి చెత్త తగ్గుతుందా? ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి సలహాలు కావాలి

బీఎంఈ_ఫైనలియర్

అందరికీ నమస్తే. వైజాగ్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నా. ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లో ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్లు, మానిటర్ల మెయింటెనెన్స్ చూడ్డానికి వేశారు. వెళ్ళింది మెషిన్ల కోసమే గానీ నా కళ్ళు మాత్రం చెత్తబుట్టల మీదే ఉండేవి. ఒక్క యాంటీబయాటిక్ డోసు ఎక్కించాలంటే ఏమేం పోతాయో చూడండి. సిరంజి, దాని కవరు, నీడిల్, నీడిల్ మూత, పౌడర్‌లో కలపడానికి స్టెరైల్ వాటర్ ప్లాస్టిక్ ఆంప్యూల్, తర్వాత వంద ఎంఎల్ సెలైన్ బాటిలు, ఒక్కోసారి కొత్త ఐవీ సెట్టు, దాని కవరు, గ్లౌజులు. ఇదంతా ఒక పేషెంటుకి ఒక పూట ఒక్క మందుకి. రాత్రి షిఫ్టు అయ్యేసరికి వాడిన ప్లాస్టిక్ వేసే ఎర్ర బ్యాగులు నిండి మూతి కట్టి వరండాలో వరసగా పెట్టేవారు.

దేశం మొత్తం మీద రోజుకి సుమారు 700 టన్నుల బయోమెడికల్ వేస్ట్ వస్తుందని చదివా. ఆసుపత్రి చెత్తలో 85 శాతం దాకా మామూలు చెత్తే, ప్రమాదకరమైనది 15 శాతమే అని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది.

నా ఐడియా ఏంటంటే సిరంజి, ఐవీ సెట్టు, కిడ్నీ ట్రే లాంటివి పీఎల్‌ఏతో చేస్తే, అదే మొక్కజొన్న పిండి నుంచి వచ్చే ప్లాస్టిక్, అది కుళ్ళిపోతుంది కాబట్టి సమస్య చాలావరకు తీరుతుంది కదా అని. గైడ్ గారు టాపిక్ బాగుంది పేపర్ కూడా వేయొచ్చు అన్నారు. కానీ నాకు పేపర్ కంటే నిజంగా పనికొచ్చేది చెయ్యాలని ఉంది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, ప్లాస్టిక్ ఫీల్డులో ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి ప్లీజ్.

ఐసీఎన్_గుంటూరు

తమ్ముడూ, నేను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని, అంతకుముందు చాలా ఏళ్ళు మెడికల్ ఐసీయూలో చేశా. నువ్వు కుప్పని కుప్పగా చూడగలిగావు, అది మంచి విషయం, మాలో చాలామందికి అలవాటైపోయి కనిపించదు.

ముందు ఒకటి అడుగుతా. నువ్వు చెప్పిన లిస్టులో సిరంజి కవరు, నీడిల్ మూత, ఐవీ సెట్టు కవరు, ఇవి పేషెంటు ఒంటికి తగిలాయా? లేదు. అవి మామూలు పొడి చెత్త. మందుల ట్రాలీకి మూడు బుట్టలు తగిలించి ఉంటాయి, మామూలు చెత్త బుట్ట ఎక్కడో మూల స్టేషన్ దగ్గర ఉంటుంది, చేతిలో పేషెంటు, ఇంకో బెడ్డులో అలారం మోగుతుంటుంది, అలాంటప్పుడు సిస్టర్ ఆ కవర్ని ఎక్కడ వేస్తుంది? ఏది దగ్గరుంటే అందులో. ఒకసారి ఎర్ర బ్యాగులో పడిందంటే మళ్ళీ తీయడానికి లేదు, తీయకూడదు కూడా. పసుపు బ్యాగులో పడితే ఇంక తగలబెట్టడమే. నువ్వు చెప్పిన 85 శాతం, 15 శాతం లెక్క అక్కడే తారుమారైపోతుంది.

కాబట్టి డిజైన్ చేసేవాళ్ళకి నా మొదటి కోరిక ఏ బుట్టలో వెయ్యాలో వస్తువే చెప్పాలి. ఐవీ సెట్టు క్లాంపు ఎర్రగా ఉంటే చాలు, చూడగానే చెయ్యి ఎర్ర బుట్టకే పోతుంది. ఇప్పుడు కంపెనీకో రంగు, పచ్చది, నీలం, తెలుపు. కొత్తగా చేరిన పిల్లలకి ట్రైనింగ్ ఇస్తాం, రెండు నెలలకి సగం మంది వేరే ఆసుపత్రికి వెళ్ళిపోతారు, మళ్ళీ మొదటికి.

రెండోది అసలు వాడకపోవడం. దీన్ని ఎవ్వరూ డిజైన్ కింద లెక్కెయ్యరు. కండకి ఇచ్చే ఇంజెక్షన్లకి, చర్మం కింద ఇచ్చేవాటికి, చర్మం బాగుంటే గ్లౌజులు అక్కర్లేదని డబ్ల్యూహెచ్‌వో గైడ్‌లైనే ఉంది, చేతులు శుభ్రం చేసుకుంటే చాలు. మా దగ్గర బీపీ చూడ్డానికి కూడా గ్లౌజులు తొడుగుతారు, పైగా అవే గ్లౌజులతో ముగ్గురు పేషెంట్లని ముట్టుకుంటారు, అది చేతులు కడుక్కోకపోవడం కంటే ప్రమాదం.

ఇంకోటి సెలైన్. మన ఊళ్ళలో సంగతి అందరికీ తెలుసు. కాస్త నీరసంగా ఉంటే చాలు "గ్లూకోజ్ ఎక్కించండి సిస్టర్, ఒక బాటిలెక్కితే లేస్తాను" అంటారు. అర లీటరు ఐదు శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. నోటితో తాగగలిగిన మనిషికి ఓఆర్‌ఎస్ ఇస్తే సరిపోయేదానికి బాటిలు, సెట్టు, క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం), ప్లాస్టరు, మూడు కవర్లు. పారాసెటమాల్ కూడా అంతే, మాత్ర మింగగలిగినవాళ్ళకి కూడా వంద ఎంఎల్ ఇన్‌ఫ్యూజన్ పెట్టేస్తున్నారు. ఐవీ నుంచి నోటి మందుకి ఎప్పుడు మార్చొచ్చో రౌండ్సులో రోజూ అడిగించడం మొదలుపెట్టాక మా వార్డులో సెట్లు తగ్గాయి, ఫ్లెబైటిస్ (ఐవీ పెట్టిన నరం వాచిపోవడం) కేసులు కూడా తగ్గాయి.

పీఎల్‌ఏ సంగతి నాకు తెలీదు, తెలిసినవాళ్ళు చెప్తారు. కానీ ఒక్క మాట, వాడిన సిరంజి పారేసినా దానంతటదే కుళ్ళిపోతుందిలే అనే ఆలోచన జనంలోకి పోకూడదు. 2009లో గుజరాత్ మొడాసాలో హెపటైటిస్ బి వచ్చి చాలామంది చనిపోయారు, వాడిన సిరంజీలు మళ్ళీ వాడటం, తుక్కులోంచి తీసి అమ్మడం అక్కడ బయటపడింది. అందుకే నీడిల్ కట్టర్, ట్యూబులు ముక్కలు చెయ్యడం, బాటిల్‌కి కోత పెట్టడం ఇవన్నీ. నువ్వు ఏ డిజైన్ చేసినా రెండోసారి వాడటానికి వీల్లేకుండా ఉండాలి.

రెడ్‌బ్యాగ్_ప్లాంట్

నేను కామన్ బయోమెడికల్ వేస్ట్ ట్రీట్‌మెంట్ ప్లాంటులో సూపర్‌వైజర్ని. ప్లాంటు పేరు, ఊరు వద్దులెండి. బ్యాగులు ఆసుపత్రి గేటు దాటాక ఏమవుతాయో ఎవరూ అడగరు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

బయోమెడికల్ వేస్ట్ 2016 రూల్సు ప్రకారం ఎర్ర బ్యాగులో వచ్చేవి ఐవీ సెట్లు, ట్యూబులు, క్యాథెటర్లు, యూరిన్ బ్యాగులు, నీడిల్ తీసేసిన సిరంజీలు, గ్లౌజులు. వాటిని బార్‌కోడ్ స్కాన్ చేసి ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే మెషిన్‌లో, వేస్తాం. వాక్యూమ్ మెషిన్ అయితే 121 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు, మామూలుదైతే గంట. తర్వాత ష్రెడ్డర్‌లో ముక్కలు, ఆ ముక్కలు రీసైక్లర్ కొంటాడు. పసుపు బ్యాగు మాత్రం తగలబెట్టే ఇన్సినరేటర్‌కి.

ఇప్పుడు పీఎల్‌ఏ. 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 121లో వేస్తే బ్యాగుతో సహా ముద్దకట్టి ష్రెడ్డర్‌కి చుట్టుకుంటుంది. పోనీ కంపోస్టుకి పంపుదామంటే దానికి 58, 60 డిగ్రీల వేడితో నడిచే ఇండస్ట్రియల్ కంపోస్టు యూనిట్ కావాలి, పెరట్లో పాతితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. పైగా రోగి రక్తం తగిలిన వస్తువుని కంపోస్టులో వెయ్యడానికి రూల్సులో దారే లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ముక్కలు చేశాక రీసైక్లర్ వాటిని పెద్ద నీళ్ళ తొట్టిలో వేస్తాడు. సిరంజి పాలీప్రొపిలీన్, సెలైన్ బాటిలు ఎల్‌డీపీఈ అనే మెత్తటి పాలీఇథిలీన్, రెండూ నీటికంటే తేలిక, పైకి తేలతాయి. ఐవీ సెట్టు ట్యూబు పీవీసీ, మునుగుతుంది. పైనున్నది జల్లెడతో తీస్తాడు, కిందిది గొట్టంతో తీస్తాడు. అంతే, ఏ లేజరూ లేదు, ఏ సెన్సరూ లేదు, ఈ వ్యాపారమంతా ఆ తొట్టి మీదే నడుస్తోంది. పీఎల్‌ఏ సాంద్రత 1.24. అంటే పీవీసీతో పాటు మునుగుతుంది. నువ్వు పర్యావరణం కోసం తెచ్చిన ప్లాస్టిక్ మునిగే సరుకుని మొత్తం పాడు చేస్తుంది, రీసైక్లర్ లోడు వెనక్కి పంపుతాడు.

ఇప్పటికే ఉన్న వస్తువుల్లో ఇలాంటివి బోలెడు. ఐవీ సెట్టు ఒక్కటి తీసుకో, ట్యూబు, చాంబరు పీవీసీ, బాటిల్‌లో గుచ్చే స్పైకు ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్, క్లాంపు ఇంకేదో, మధ్యలో మందు గుచ్చడానికి లాటెక్స్ బల్బు. లాటెక్స్ నీళ్ళ మీద తేలుతుంది. అంటే ఆ రబ్బరు ముక్కలు వెళ్ళి శుభ్రమైన పాలీప్రొపిలీన్‌లో కలుస్తాయి. కరిగించినప్పుడు రబ్బరు కరగదు, గింజల్లో నల్ల చుక్కలు వస్తాయి, బకెట్ చేస్తే ఆ చుక్క దగ్గరే పగులుతుంది. గ్లౌజు ముక్కలదీ అదే పాట. పొరపాటున పీవీసీ ముక్క పాలీప్రొపిలీన్‌లో పడితే మరీ ఘోరం, ఆ వేడికి పీవీసీ మాడి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది, మెషిన్ స్క్రూ తుప్పు పడుతుంది, అక్కడ నిలబడ్డ మనిషి గొంతు మండుతుంది.

సెలైన్ బాటిల్ మీద కాగితం లేబులు కూడా. ఆటోక్లేవ్ ఆవిరికి పేస్టులా అయ్యి ముక్కలన్నిటికీ అంటుకుంటుంది, కడగడానికి నీళ్ళు, మళ్ళీ ఆ నీళ్ళు శుద్ధి చేసే ఈటీపీకి. బాటిల్ మీద నేరుగా అచ్చు వేస్తే ఈ గొడవే ఉండదు, కొన్ని కంపెనీలు వేస్తున్నాయి కూడా.

ఒక మాట డబ్బు గురించి. చాలాచోట్ల ఆసుపత్రులు మాకు కట్టేది బెడ్డుకి రోజుకి ఇంత అని. బరువు మీద కాదు. ఒక ఆసుపత్రి చెత్త సగానికి తగ్గించినా బిల్లు మారదు. తగ్గించాలన్న ఆత్రం మేనేజ్‌మెంటుకి ఎందుకుంటుంది చెప్పండి?

బీఎంఈ_ఫైనలియర్

సర్, ఈ నీళ్ళ తొట్టి విషయం ఏ పేపర్లోనూ చదవలేదు, చాలా థాంక్స్. సిస్టర్ గారికి కూడా. పీఎల్‌ఏ పక్కన పెట్టేస్తున్నా. అయితే పీవీసీనే తీసేస్తే? పీవీసీలో బరువు ప్రకారం సగానికి పైగా క్లోరిన్ ఉంటుంది కదా, పసుపు బ్యాగులో పడి కాలితే డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి. ఐవీ సెట్టు మొత్తం పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్ లాంటి తేలే ప్లాస్టిక్కులతోనే చేసేస్తే అంతా ఒకే రకం అయిపోతుంది. ఎందుకు చెయ్యట్లేదు ఎవరూ?

మౌల్డింగ్_హైదరాబాద్

తమ్మీ మంచి ప్రశ్న అడిగినవ్. నేను డిస్పోజబుల్స్ మౌల్డింగ్‌ల పనిచేస్త, టూల్ రూం నుంచి వచ్చినోన్ని. కొన్ని జాగల చేస్తున్నరు, చెయ్యనియ్యకుండ ఆపేది మాత్రం అతుకు.

పీవీసీ ట్యూబును కనెక్టర్ల దూర్చేటప్పుడు కొసకు జర సాల్వెంట్ అద్ది నొక్కుతరు, రెండు సెకండ్లల పట్టుకుంటది, లీకేజ్ ఉండదు. లైన్ మీద కూసున్న ఆడోళ్ళు చేత్తోనే గంటకు వందల్ల చేస్తరు, మెషిన్ పెద్దగ అక్కర్లే. పాలీప్రొపిలీన్ రకాలకు సాల్వెంట్ పట్టదు, వేడి వెల్డింగో, లేజరో, ప్రెస్ ఫిట్టో కావాలె. అంటే లైన్ మొత్తం మార్చాలె. ఇంకోటి మెత్తదనం. పీవీసీ ట్యూబును మడిస్తే మళ్ళ గుండ్రంగ తెరుచుకుంటది, రోలర్ క్లాంపు కింద నలిగినా తిరిగి లేస్తది. వేరే మెటీరియల్ కొన్ని ఒకసారి మడత పడితే గట్లనే ఉంటయ్, డ్రిప్పు ఆగిపోతది. పేషెంట్ పాణం మీదికి వస్తది, గది ఒప్పుకునేది కాదు.

మెత్తదనానికి పీవీసీల కలిపేది డీఈహెచ్‌పీ అనే నూనె లాంటి కెమికల్. అది కొంచెం కొంచెం మందులకు, రక్తంలకు దిగుతది, అందుకే పసిపిల్లల ఐసీయూల కోసం డీఈహెచ్‌పీ లేని సెట్లు అడుగుతరు. రక్తం బ్యాగుల మాత్రం కథ వేరే. ఆ డీఈహెచ్‌పీనే ఎర్ర రక్తకణాల పొరను కాపాడి నిల్వ ఉండేటట్టు చేస్తది. మన వేస్ట్ రూల్స్ 2018 సవరణల క్లోరిన్ ప్లాస్టిక్ బ్యాగులు, గ్లౌజులు 2019 మార్చికల్లా ఆపాలన్నరు గని రక్తం బ్యాగులను మినహాయించిన్రు.

ఇగ సిరంజి. అది ఇప్పటికే మంచిగ ఉన్న వస్తువు. బ్యారెల్ పాలీప్రొపిలీన్, లోపట పుల్ల కూడా అదో పాలీఇథిలీనో, కొసకు నల్ల రబ్బరు గాస్కెట్. రెండు ముక్కల సిరంజి అని ఉంటది, దాంట్ల రబ్బరే ఉండదు, పుల్ల కొసనే లోపలి గోడకు సీల్ అయితది. యూరప్‌ల ఎక్కువ వాడుతరు. మన సిస్టర్లకు రబ్బరు గాస్కెట్ మెత్తగ జారుడు అలవాటు, రెండు ముక్కలది జర బిగువుగ పోతది, ఇన్‌ఫ్యూజన్ పంపుకు కుదరదు. మామూలు ఇంజెక్షన్లకు అయితే కుదురుతది.

కవర్ మీద పనిచెయ్యి తమ్మీ, జాగా ఉంది. ఒక దిక్కు కాగితం, ఒక దిక్కు ప్లాస్టిక్ ఫిల్మ్ ఎందుకుంటది? ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ కాగితంలకెళ్ళి లోపటికి పోయి క్రిముల్ని చంపి మళ్ళ బయటికి రావాలె. ఆ ఫిల్మ్ రెండు పొరల లామినేట్ అయితే కాగితం రీసైకిల్ కాదు, ఫిల్మ్ కాదు. గామా రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేస్తే కాగితం అక్కర్లే, కవర్ మొత్తం ఒకే పాలీఇథిలీన్ చెయ్యొచ్చు, గని గామా తగిలితే మామూలు పాలీప్రొపిలీన్ పెళుసు అయితది, స్టెబిలైజర్ ఉన్న గ్రేడ్ కావాలె. ఒకటి మారిస్తే ఇంకోటి కదులుతది. ఇంకో సంగతి, మూడు అంగుళాల వస్తువుకు ఆరు అంగుళాల కవర్ ఉంటది చాలాసార్లు, ఎందుకంటే అన్ని సైజులకు ఒక్కటే మెషిన్ డై. ఆ డై మార్చిస్తే మందం తగ్గించకుండనే కవర్ల బరువు తగ్గుతది.

మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 ప్రకారం మెటీరియల్ మార్చుడంటే మేజర్ చేంజ్, ముందుగాల అనుమతి కావాలె, ఒంటికి హాని లేదని చూసే ఐఎస్‌వో 10993 టెస్టులన్ని మళ్ళ చెయ్యాలె. పైసలు అయితయ్, నెలలు పడ్తయ్. అది అయినంక కూడా సర్కారు టెండర్ల ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడే ఎల్ వన్. ఐవీ సెట్టుకు పావలా ఎక్కువైనా పోతది. టెండర్ స్పెసిఫికేషన్లనే "లాటెక్స్ బల్బ్ ఉండొద్దు" అని ఒక లైను రాస్తే కంపెనీలన్ని చచ్చినట్టు మారుస్తయ్. ఆ లైను రాసే చేయి డాక్టర్లది, నర్సులది. మా చేతిల లేదు.

పలాస_డయాలసిస్

డయాలసిస్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. నేను శ్రీకాకుళం జిల్లాలో డయాలసిస్ టెక్నీషియన్ని. మా ఉద్దానం సంగతి మీకందరికీ తెలిసిందే, కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. ఒక్కో మనిషి వారానికి రెండు మూడు సార్లు వస్తారు, నాలుగేసి గంటలు, ఏళ్ళ తరబడి. ఒక మనిషి జీవితం మొత్తానికి వాడే ఆసుపత్రి ప్లాస్టిక్‌లో డయాలసిస్ వాళ్ళంత ఎక్కువ ఇంకెవరిదీ ఉండదనుకుంటా.

ఒక్క సెషన్‌కి రక్తాన్ని వడగట్టే డయలైజర్, బ్లడ్ లైన్లు రెండు, అవి మీటర్లకొద్దీ పీవీసీ, రెండు ఫిస్టులా నీడిళ్ళు, ఐవీ సెట్టు, ప్రైమింగ్‌కి సెలైన్ బాటిళ్ళు, ఇంకా పార్ట్ ఏ, పార్ట్ బీ ద్రావణాల క్యాన్లు. ఈ క్యాన్లు పేషెంటు ఒంటిని ముట్టవు. మంచి గట్టి హెచ్‌డీపీఈ, ఒకే రకం ప్లాస్టిక్, కడిగితే చాలు రీసైకిల్‌కి బంగారం లాంటి సరుకు. అదే బాధ కూడా. ఊళ్ళోవాళ్ళు మంచినీళ్ళకి అడిగి పట్టుకుపోతారు. పార్ట్ ఏలో యాసిడ్ ఉంటుంది, వద్దు బాబూ అని చెప్పినా "కడిగేసుకుంటాం లే అన్నా" అంటారు. మాకు ఇప్పుడు క్యాన్‌కి కోత పెట్టి ఇవ్వమని ఆర్డరు. పెద్ద సెంటర్లలో ఒకే ట్యాంకులో ద్రావణం కలిపి పైపుల్లో మెషిన్లకి పంపుతారు, అక్కడ క్యాన్లే ఉండవు. పార్ట్ బీ పొడి రూపంలో తెచ్చి ఇక్కడే కలిపితే నీళ్ళు మోసుకొచ్చే లారీ ఖర్చు కూడా మిగులుతుంది.

డయలైజర్ మళ్ళీ వాడటం మన దేశంలో మామూలే, అదే పేషెంటుకి మాత్రమే, పేరు రాసి, పెరాసిటిక్ యాసిడ్‌తో శుభ్రం చేసి. లోపలి ఫైబర్ల వాల్యూం మొదటి దానిలో 80 శాతం కంటే తగ్గితే పారేస్తాం. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళది అసలు రీయూజ్ చెయ్యం. ఇలా చూస్తే చెత్త తగ్గినట్టే. కానీ ఆ యాసిడ్ ఘాటు రోజూ పీల్చేది మేము, కళ్ళు మండుతాయి, కొన్ని సెంటర్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా సరిగ్గా ఉండదు. చెత్త తగ్గించే డిజైన్ అంటే ఆ భారం టెక్నీషియన్ ఊపిరితిత్తుల మీద పెట్టకూడదు కదా. రీప్రాసెసింగ్ మెషిన్ మూసి ఉండేలా, ఘాటు బయటికి రాకుండా చేస్తే అది నిజమైన పని.

ఐసీఎన్_గుంటూరు

పలాస అన్న చెప్పింది చాలా ముఖ్యం. మళ్ళీ వాడటం అనగానే నాకు గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే ఒకసారికే అని రాసున్న క్యాథెటర్లని కడిగి వాడిన చోట్లు చూశాను. మళ్ళీ వాడాలంటే దానికోసమే తయారైన వస్తువు అయ్యుండాలి, దాన్ని శుభ్రం చేసే పద్ధతి, కొలిచే పద్ధతి రాసి ఉండాలి. డయలైజర్‌కి ఆ 80 శాతం లెక్క ఉంది కాబట్టి కుదురుతోంది. లేనిదానికి చెయ్యొద్దు.

ఓటీ_తిరుపతి

కంటి ఆపరేషన్ల డాక్టర్ని. సిస్టర్ గారి భయం న్యాయమైనదే, అయినా రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర్నుంచే ప్రపంచం నేర్చుకున్న విషయం ఇది.

అరవింద్ కంటి ఆసుపత్రుల్లో ఫేకో శుక్లాల ఆపరేషన్ మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఒక ఆపరేషన్‌కి వచ్చే కార్బన్ బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కి వచ్చేదానిలో ఐదు శాతమే. మరి ఇన్‌ఫెక్షన్లు పెరిగాయా అంటే అదీ లేదు. ఎలాగంటే గుడ్డ గౌన్లు, గుడ్డ డ్రేపులు (పేషెంటు మీద కప్పేవి) ఉతికి ఆటోక్లేవ్ చేసి వాడతారు, స్టీలు పరికరాలు వెంటవెంటనే స్టెరిలైజ్ అయ్యే ఏర్పాటు, మందు చుక్కలు ఒకే సీసా నుంచి చాలామందికి. పాశ్చాత్య దేశాల్లో ఇందులో చాలావాటికి రూల్సే ఒప్పుకోవు.

ఇప్పుడు మన కార్పొరేట్ ఓటీల్లో (ఆపరేషన్ థియేటర్లలో) ఏం జరుగుతోందంటే ఉన్న గుడ్డ గౌన్లు తీసేసి డిస్పోజబుల్ ప్యాకులు పెడుతున్నారు, అదేదో స్టాండర్డ్ పెరిగినట్టు. ఆ గౌను చూడ్డానికి కాగితంలా ఉంటుంది గానీ అది పాలీప్రొపిలీన్, పైగా 2018 సవరణ తర్వాత మాస్కులు, గౌన్లు పసుపు బ్యాగులోకే, అంటే రీసైకిల్ అయ్యే ప్లాస్టిక్ నేరుగా ఇన్సినరేటర్‌కి. అమెరికాలో 2020లో వచ్చిన పోలికలో ఉతికి వాడే గౌన్లతో ఘన వ్యర్థం 84 శాతం, గ్రీన్‌హౌస్ వాయువులు దాదాపు మూడింట రెండొంతులు తక్కువ, ఉతికే నీళ్ళూ కరెంటూ లెక్కేశాక కూడా. అయితే మామూలు కాటన్ తడిస్తే క్రిములు దాటుతాయి, దగ్గరి నేత పాలియెస్టర్ గౌన్లు కావాలి, ఎన్ని ఉతుకులు అయ్యాయో గుర్తుపెట్టే ట్యాగ్ కావాలి. లాండ్రీ, సీఎస్‌ఎస్‌డీ (ఆసుపత్రి స్టెరిలైజేషన్ విభాగం) బాగుంటేనే ఇది నడిచేది. బాబూ, మెకానికల్ ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే ఆ ట్యాగ్ మీద చెయ్యమను.

ప్యాకుల గురించి ఒక్కటి. డిస్పోజబుల్ ఓటీ ప్యాకు విప్పితే అందులో మేము అసలు ముట్టని వస్తువులు ఉంటాయి, ఇంకో గిన్నె, ఇంకో డ్రేపు, రెండు టవళ్ళు. ప్యాకు విప్పాక వాడినా వాడకపోయినా చెత్తే. సర్జన్లని కూర్చోబెట్టి ఏవి తీసెయ్యాలో టిక్ పెట్టిస్తే అదే మంచి డిజైన్, రూపాయి ఖర్చు లేదు.

లీడ్స్_సిస్టర్

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సర్వీసు ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుగా చేస్తున్నా. గుంటూరు అక్క చెప్పిన గ్లౌజుల మాటకి ఇక్కడి ఉదాహరణ. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో 2018లో అవసరం లేనిచోట గ్లౌజులు మానండి అని ప్రచారం మొదలుపెట్టారు. ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గింది, 90 వేల పౌండ్లకి పైగా మిగిలింది. కొత్త మెటీరియల్ ఏమీ కనిపెట్టలేదు, నర్సులకి ఎప్పుడు తొడగాలో ఎప్పుడు అక్కర్లేదో నేర్పించారు, అంతే. మాకు కూడా చేతులు పొడిబారి దురదలు రావడం తగ్గింది.

ఇంకా ఇక్కడ ఆక్సిజన్ మాస్కులు, వాటి ట్యూబులు విడిగా సేకరించే స్కీము ఒకటుంది, రెకోమెడ్ అని. ఆపరేషన్ థియేటర్లలో తక్కువ సేపు వాడిన, ఇన్‌ఫెక్షన్ లేని పీవీసీ మాత్రమే తీసుకుంటారు. దాంతో చిన్న మొక్కలు వంగకుండా కర్రకి కట్టే పట్టీలు చేస్తారు. మాస్కు మీది రబ్బరు తాడు, ముక్కు దగ్గర లోహం క్లిప్పు మేమే చేత్తో పీకేసి డబ్బాలో వెయ్యాలి, బిజీగా ఉంటే ఎవరూ పీకరు. ఆ రెండూ లాగగానే ఊడేలా చేస్తే ఎంత సేకరించొచ్చో.

బీఎంఈ_ఫైనలియర్

అందరికీ పేరుపేరునా థాంక్స్. గైడ్ గారితో మాట్లాడా. ప్రాజెక్ట్ ఐవీ సెట్టు మీదే, ఇలా అనుకుంటున్నా. మామూలు ఆసుపత్రి సెట్టే తీసుకుని, ట్యూబు పీవీసీనే ఉంచి, లాటెక్స్ బల్బు తీసేసి దాని బదులు పీవీసీ వై పోర్టు (మందు ఇచ్చే పక్క దారి), స్పైకు ఏబీఎస్ బదులు గట్టి పీవీసీ, క్లాంపు, మూతలు మాత్రం పాలీప్రొపిలీన్, అదీ ఎర్ర రంగులో. అంటే ష్రెడ్డర్ తర్వాత తొట్టిలో తేలేదంతా ఒకటే రకం, మునిగేదంతా ఒకటే రకం. కొత్త లైన్ అక్కర్లేదు, సాల్వెంట్ అతుకు అలాగే ఉంటుంది. మౌల్డింగ్ అన్నా, స్పైకు గట్టి పీవీసీతో కుదురుతుందా? ప్లాంట్ సర్, మీ దగ్గర ముక్కలతో తొట్టి టెస్టు చేసుకోవచ్చా?

మౌల్డింగ్_హైదరాబాద్

స్పైకు కొస సన్నగ ఉంటది, గట్టి పీవీసీతో చేస్తే రబ్బరు మూతల గుచ్చేటప్పుడు వంగుతదా ఇరుగుతదా చూస్కో. గోడ మందం జర పెంచి, లోపట ఒక రిబ్ ఇయ్యి. డ్రాయింగ్ పంపు, గేటు, అంటే అచ్చులకు ప్లాస్టిక్ దిగే దారి, ఎక్కడ పెట్టాల్నో నేను చెప్త. వై పోర్టుల సూది గుచ్చే డిస్క్ మాత్రం ఏదో ఒక రబ్బరే ఉంటది, అది ఎంత చిన్నగ అయితే అంత మంచిది, మునిగే గ్రేడు సిలికాన్ వాడితే కనీసం పైన తేలే సరుకు ఖరాబు కాదు. ఐఎస్‌వో 8536 చదువు, ఐవీ సెట్ల స్టాండర్డ్ అదే, చుక్కల లెక్క, లీకేజ్ టెస్టు అన్ని దాంట్లనే ఉంటయ్.

ఐసీఎన్_గుంటూరు

డీఈహెచ్‌పీ లేని పీవీసీ తీసుకో తమ్ముడూ, ఎలాగూ మొదట్నుంచి చేస్తున్నావు. రీసైకిల్ అయినాక ఆ పీవీసీ ఎక్కడికి పోతుందో మనకి తెలీదు, చెప్పులైతే సరే, పిల్లల బొమ్మల్లోకి పోకూడదు. నమూనాలు వచ్చాక చెప్పు, మా స్కిల్ ల్యాబులో బొమ్మ చేతి మీద సిస్టర్లతో పెట్టించి చూద్దాం, ఒంటి చేత్తో క్లాంపు జరుగుతుందా లేదా అన్నది వాళ్ళే చెప్తారు. పేషెంటు మీద మాత్రం ఎథిక్స్ కమిటీ లేకుండా ఏమీ వద్దు.

రెడ్‌బ్యాగ్_ప్లాంట్

వచ్చేయ్. కాలేజీ నుంచి లెటరు, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకున్న కార్డు, టీటీ, ఇవి లేకపోతే మా మేనేజర్ లోపలికి రానివ్వడు. బూట్లు, మందం గ్లౌజులు మేమిస్తాం. వాడిన సరుకు ముట్టుకోవద్దు, నీ కొత్త సెట్లు ఒక యాభై తెచ్చుకో, ఆటోక్లేవ్ అయిన బ్యాచ్ తర్వాత ఖాళీ ష్రెడ్డర్‌లో విడిగా వేసి ఇస్తా, పక్కన డ్రమ్ములో నీళ్ళు నింపి చూసుకో. మామూలు సెట్లు ఇంకో యాభై తెచ్చుకుంటే రెండూ పక్కపక్కన పెట్టి రీసైక్లర్‌ని పిలిచి చూపిద్దాం, దేనికి కిలోకి ఎంత ఇస్తాడో ఆయన నోటితోనే చెప్పించుకుని రిపోర్టులో రాసుకో. ఆదివారం వద్దు, ఆ రోజు బండ్లు ఎక్కువ వస్తాయి.